ఒలింపియాడ్ లెక్కను నలుగురూ కలిసి చర్చించాలంటే

ఆదివారం పొద్దున్నే మా ఇంటి వరండాలో ఐదుగురు పిల్లలు చేరతారు. గోడకి ఆనించిన నల్లబల్ల, డబ్బా నిండా సుద్దముక్కలు, ఎవరి నోట్‌బుక్ వాళ్ల ఒళ్లో. నాలుగేళ్లుగా ఇలా ఒలింపియాడ్ లెక్కలు, అంటే బడి పిల్లల గణిత పోటీల్లో ఇచ్చే లెక్కలు, కూర్చుని చర్చిస్తున్నాం. మొదటి ఏడాది నేను చేసింది చర్చ కాదు. లెక్క చెప్పేవాణ్ని, పది నిమిషాలు ఆగేవాణ్ని, ఓపిక పట్టలేక సొల్యూషన్ బల్ల మీద రాసేసేవాణ్ని. పిల్లలు బుద్ధిగా నోట్‌బుక్‌లోకి ఎక్కించుకునేవారు. వారం తర్వాత అలాంటి లెక్కే ఇస్తే ఒక్కరికీ చేయి కదిలేది కాదు. పద్ధతి మార్చాక పిల్లలూ మారారు. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. మీరు విద్యార్థి అయినా, టీచరైనా, పిల్లవాణ్ని ఒలింపియాడ్‌కి పంపాలనుకునే తల్లిదండ్రులైనా ఇలాంటి గుంపు మీ వీధిలోనే మొదలుపెట్టవచ్చు.

ముందు పరీక్ష సంగతి రెండు మాటల్లో. మన దేశంలో మొదటి మెట్టు ఐఓక్యూఎం, అంటే గణిత ఒలింపియాడ్ అర్హత పరీక్ష. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, జవాబు ఒక సంఖ్య, ఓఎమ్మార్ షీటు మీద దిద్దితే చాలు. రెండో మెట్టు ఆర్ఎంఓ (ప్రాంతీయ ఒలింపియాడ్) నుంచి కథ మారిపోతుంది. అక్కడ మూడు గంటలకి ఆరే లెక్కలు, ప్రతిదానికీ నిరూపణ రాయాలి. ఆ పైన ఐఎన్ఎంఓ (జాతీయ ఒలింపియాడ్), తర్వాత శిక్షణ శిబిరం, చివరికి ఆరుగురు ఐఎంఓకి, అంటే అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కి వెళతారు. ఐఎంఓలో రెండు రోజులు, రోజుకి నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు, ఒక్కోదానికి 7 మార్కులు. సంఖ్య సరిపోయిందా లేదా అని చూసుకోవడానికి మనిషి తోడు అక్కర్లేదు. నిరూపణ సరైనదేనా అన్నది మాత్రం ఇంకొకరికి వినిపించే దాకా మనకే తెలియదు. అందుకే గుంపు కావాలి.

మనుషుల్ని, లెక్కల్ని ఎంచుకోండి

ముగ్గురికి తగ్గకుండా, ఐదుగురికి మించకుండా చూసుకోండి. ఎనిమిది మంది అయితే ముగ్గురు మాట్లాడతారు, ఐదుగురు చూస్తూ కూర్చుంటారు. అందరూ ఒకే తరగతి కానక్కర్లేదు. మా దగ్గర ఎనిమిదో తరగతి పిల్లాడు, ఇంటర్ అమ్మాయి పక్కపక్కనే కూర్చుంటారు. కానీ అందరూ ఇంచుమించు ఒకే లెక్క దగ్గర తడబడేవాళ్లై ఉండాలి.

వారానికి మూడు లెక్కలు చాలు. పాత ప్రశ్నపత్రాల్లోంచి తీసుకోండి, ఏ పరీక్ష, ఏ సంవత్సరం అన్నది పక్కనే రాయండి. సోమవారమే అందరికీ అందాలి. ఆదివారం దాకా ఎవరి పాట్లు వాళ్లవే. ఒంటరిగా కనీసం రెండు గంటలైనా కుస్తీ పట్టకుండా వచ్చినవాళ్లకి చర్చలో ఏమీ దక్కదు. మధ్యలో ఫోన్‌లో సొల్యూషన్ ఫోటో పెట్టేయడం మా దగ్గర నిషేధం. ఒక్క ఫోటోతో మిగతా నలుగురి వారం పోతుంది.

ఇంకొక నియమం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జరుగుతున్న పోటీలోని లెక్కను ఆ పోటీ గడువు ముగిసే వరకు చర్చించకూడదు. ఇంటి దగ్గర రాసి పంపే పోటీలకీ ఇదే వర్తిస్తుంది. ఐఎంఓకి పరిశీలించిన లెక్కల జాబితాను కూడా మరుసటి ఏడాది ఐఎంఓ అయ్యే దాకా బయటపెట్టరు, ఎందుకంటే చాలా దేశాలు తమ జట్టు ఎంపికకి వాటినే వాడుకుంటాయి. పిల్లలెవరైనా "సార్, ఇది ఎక్కడి లెక్కో చెప్పను, చేసి పెట్టండి" అంటే, ఎక్కడిదో తెలిసే దాకా సుద్దముక్క ముట్టుకోకండి.

చేసి చూసిందంతా తీసుకురండి

"సార్, నాకు రాలేదు" అనే మాటతో చర్చ మొదలవదు. ఏమేం చేశారు, ఎక్కడ ఆగారు అన్నది కావాలి. ఇది ఎలా ఉంటుందో ఒక లెక్కతో చూపిస్తాను. 1959లో రొమేనియాలో జరిగిన మొట్టమొదటి ఐఎంఓలో మొదటి లెక్క ఇది: ఏదైనా సహజ సంఖ్య తీసుకోండి. దాన్ని 21 రెట్లు చేసి 4 కలిపితే లవం. 14 రెట్లు చేసి 3 కలిపితే హారం. ఆ భిన్నాన్ని ఇంకా సూక్ష్మీకరించడం ఎప్పటికీ కుదరదని నిరూపించాలి.

మా గుంపులో తొమ్మిదో తరగతి అమ్మాయి నోట్‌బుక్‌లో ఇలా ఉంది. సంఖ్య 1 అయితే 25/17. 2 అయితే 46/31. 3 అయితే 67/45. 4 అయితే 88/59. 5 అయితే 109/73. కింద ఎర్ర పెన్నుతో రాసుకుంది: "ప్రతిసారీ పైనో కిందో ఒక ప్రధాన సంఖ్య వస్తోంది. అందుకే కొట్టివేత కుదరడం లేదు."

మంచి గమనిక. 17, 31, 67, 59, 109, అన్నీ ప్రధాన సంఖ్యలే. నేను ఏమీ అనలేదు. పక్కనున్న అబ్బాయి అడిగాడు, "అక్కా, 6 చేశావా?" చేయలేదు. అక్కడే బల్ల మీద చేసింది: 130/87. 130 అంటే 2, 5, 13ల లబ్ధం. 87 అంటే 3, 29ల లబ్ధం. రెండూ ప్రధాన సంఖ్యలు కావు, అయినా కొట్టివేత కుదరలేదు. ఆ అమ్మాయి కాసేపు 87 వైపే చూస్తూ ఉండిపోయి, "అంటే కారణం వేరే ఉంది" అంది.

ఆ వాక్యం కోసమే ఆ ఉదయమంతా. ఐదు ఉదాహరణలు చెప్పిన మాటను ఆరోది కాదంది. ఆమె తన ఊహను నోట్‌బుక్‌లో రాసుకుని తెచ్చింది కాబట్టి అందరం కలిసి దాన్ని పరీక్షించగలిగాం. "రాలేదు" అని మాత్రం చెప్పి ఉంటే ఆరు దాకా వెళ్లేవాళ్లమే కాదు.

తర్వాత నేను అడిగింది ఒక్కటే ప్రశ్న: "పైదాన్నీ కిందిదాన్నీ రెండింటినీ భాగించే సంఖ్య ఒకటి ఉందనుకుందాం. అది ఇంకా వేటిని భాగించి తీరాలి?" తేడాను భాగించాలి అన్నాడు ఒకడు. రెట్లనూ భాగించాలి అంది ఇంకో అమ్మాయి. హారానికి మూడు రెట్లు తీసుకుంటే, మనం ఎంచుకున్న సంఖ్యకి 42 రెట్లు, పైన 9. లవానికి రెండు రెట్లు తీసుకుంటే, అదే 42 రెట్లు, పైన 8. తేడా 1. ఆ ఉమ్మడి సంఖ్య 1ని భాగించాలి. అంటే అది 1 తప్ప ఇంకేదీ కాదు.

హింట్ ఇవ్వడం నేర్చుకోండి

గుంపులో ఒకరికి లెక్క ముందే వచ్చేస్తుంది. అప్పుడు ఏం చేయాలన్నదే అన్నిటికంటే కష్టమైన పాఠం. మా దగ్గర సొల్యూషన్ తెలిసినవాళ్లు మూడు హింట్లు కాగితం మీద రాసుకుని రావాలి, చిన్నది, మధ్యస్థం, పెద్దది. అడిగితేనే ఇవ్వాలి. ఒకటి ఇచ్చాక పదిహేను నిమిషాలు నోరు విప్పకూడదు.

1964 ఐఎంఓ మొదటి లెక్క తీసుకోండి. 2ను తనతోనే గుణించుకుంటూ పోతే 2, 4, 8, 16, 32 ఇలా వస్తాయి. వీటిలో దేనిలోంచి 1 తీసేస్తే 7తో భాగించబడుతుంది? 1 కలిపితే మాత్రం ఎన్నడూ భాగించబడదని నిరూపించాలి.

చిన్న హింట్: "ఆరేడు సంఖ్యలకి, 7తో భాగిస్తే వచ్చే శేషాలు వరసగా రాశావా?" మధ్యస్థం: "శేషం 1 వచ్చాక మళ్లీ 2తో గుణిస్తే శేషం ఏమవుతుంది?" పెద్దది: "ఘాతాంకాన్ని (ఎన్ని 2లు గుణించామో ఆ సంఖ్యని) 3తో భాగిస్తే ఎంత మిగులుతుందో దాన్నిబట్టి మూడు గుంపులు చెయ్యి." చాలామందికి మొదటిదే సరిపోతుంది. శేషాలు 2, 4, 1, మళ్లీ 2, 4, 1. ఒకటి కలిపితే 3, 5, 2. సున్నా ఎక్కడా రాదు.

మూడో హింట్ ముందే ఇచ్చేస్తే లెక్క అయిపోతుంది, కానీ ఆ పిల్లవాడు చేసినట్టు కాదు. శేషాలు తిరిగి తిరిగి వస్తున్నాయని తనంతట తాను చూసినవాడు మరుసటి వారం వేరే సంఖ్యతో కూడా అదే చూస్తాడు.

2009లో ప్రముఖ గణిత శాస్త్రవేత్త టెరెన్స్ టావో ఆ ఏడాది ఐఎంఓ ఆరో లెక్కను, మిడత గెంతుల లెక్క అని పేరుపడ్డదాన్ని, ఎవరైనా కలిసి చేయొచ్చని తన బ్లాగులో అందరి ముందూ పెట్టారు. చాలామంది కలిసి దాన్ని తేల్చారు. అక్కడి పద్ధతి మా గుంపుకి బాగా పనికొచ్చింది: సొల్యూషన్ ముందే తెలిసినవాళ్లు పక్కకి తప్పుకోవాలి, మిగిలినవాళ్లు పూర్తి సొల్యూషన్‌తో రాకుండా ఒక్కో చిన్న ఆలోచనే చెబుతూ పోవాలి. మా పిల్లలకి కూడా అదే చెబుతాను, ఒకసారికి ఒక్క మాటే.

తప్పు పట్టుకోవడం ఎలా

ఒకరు బల్ల దగ్గర నిరూపణ చెబుతుంటే మిగతావాళ్ల పని తల ఊపడం కాదు. ప్రతి లైను దగ్గరా "ఇది ఎందుకు నిజం?" అని మనసులో ప్రశ్నించుకోవాలి, జవాబు దొరకని చోట చేయి ఎత్తాలి. "నీది తప్పు" అనే మాట మా దగ్గర లేదు. "నాలుగో లైను దగ్గర నేను ఆగిపోయాను" అంటారు. చెప్పేవాడికి ఉక్రోషం రాదు, పైగా తప్పు ఎక్కడుందో కచ్చితంగా తెలుస్తుంది. "క్లియర్‌గా తెలుస్తోంది", "సహజంగానే" అన్న మాటలు వినిపిస్తే అక్కడ రెండుసార్లు ఆగండి. చాలా తప్పులు ఆ మాటల వెనకే ఉంటాయి.

జ్యామితిలో మోసం చేసేది పటం. అందుకే మా దగ్గర ఒకే పటాన్ని అందరూ చూడరు, ఎవరి పటం వాళ్లు గీసుకుంటారు. ఒకరు లఘుకోణ త్రిభుజం గీస్తే ఇంకొకరు కావాలనే అధికకోణ త్రిభుజం గీస్తారు. లంబపాదం భుజం మీద కాకుండా బయట పడిందంటే సగం నిరూపణలు అక్కడే కూలిపోతాయి.

దీనికి ఒక మంచి అభ్యాసం ఉంది. "ప్రతి త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమే" అని చెప్పే పాత దొంగ నిరూపణను గుంపుకి ఇవ్వండి. ఒక కోణానికి సమద్విఖండన రేఖ, దాని ఎదుటి భుజానికి లంబ సమద్విఖండన రేఖ గీస్తారు. అవి త్రిభుజం లోపల కలుసుకున్నట్టు పటం వేసి, ఆ బిందువు నుంచి మిగతా రెండు భుజాలకి లంబాలు దించి, సర్వసమాన త్రిభుజాలతో రెండు భుజాలూ సమానమని తేల్చేస్తారు. ప్రతి లైనూ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. మా పిల్లలు గంటసేపు తలలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి ఒకడు స్కేలు, వృత్తలేఖిని తీసుకుని నిజంగా కొలిచి గీశాడు. ఆ రెండు రేఖలు లోపల కలవనే కలవవు. త్రిభుజం బయట, పరివృత్తం మీద కలుస్తాయి. దించిన లంబాల్లో ఒకటి భుజం మీద పడితే ఇంకోటి పొడిగించిన భుజం మీద పడుతుంది. ఆ రోజు నుంచి మా వరండాలో చేత్తో గీసిన పటాన్ని ఎవరూ నమ్మరు.

మాటల దగ్గర జాగ్రత్త

మా పిల్లల్లో సగం మంది తెలుగు మీడియం, సగం ఇంగ్లీషు మీడియం. తెలుగులో మాట్లాడుకుంటారు, ఎవరికి వీలైన భాషలో వాళ్లు రాస్తారు. మొదట్లో అయోమయం ఉండేది. ఒకరు గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) అంటే ఇంకొకరికి హెచ్‌సీఎఫ్ అంటే గానీ తెలియదు. రెండూ ఒకటేనని బల్ల మూల రాసి పెట్టుకుంటే అది తీరిపోతుంది.

అసలు చిక్కు చిన్న మాటల్లో ఉంది. అట్ లీస్ట్ అంటే కనీసం, అట్ మోస్ట్ అంటే మహా అయితే. కంగారులో ఈ రెండూ తారుమారైతే లెక్కే వేరే అయిపోతుంది. ఇంకా ముఖ్యమైనవి "అయితే", "అయితేనే". 1964 లెక్కనే చూడండి. ఘాతాంకం 3తో భాగించబడితే, 1 తీసేసిన సంఖ్య 7తో భాగించబడుతుంది. ఇది ఒక మాట. ఘాతాంకం 3తో భాగించబడితేనే అలా జరుగుతుంది. ఇది రెండో మాట. లెక్క రెండూ అడుగుతోంది. మొదటిది నిరూపించి సంబరంగా కూర్చునే పిల్లలే ఎక్కువ. మన భాషలో తేడా అంతా ఆ చివరి "నే"లో ఉంది. నిరూపణ చెప్పేటప్పుడు ఆ అక్షరాన్ని ఒత్తి పలకమంటాను, వినేవాళ్లని అది వినిపించే దాకా వదలొద్దంటాను.

లెక్క తెగకపోతే

తెగని లెక్క వదిలేయకండి, దాని కాగితం గోడకి అంటించండి. మా గోడ మీద ఎక్కువ కాలం ఉన్నది 1988 ఐఎంఓ ఆరో లెక్క. రెండు ధన పూర్ణ సంఖ్యలు తీసుకోవాలి. వాటి వర్గాల మొత్తాన్ని, వాటి లబ్ధానికి 1 కలిపితే వచ్చే సంఖ్యతో భాగించాలి. శేషం లేకుండా భాగించబడితే, భాగఫలం తప్పనిసరిగా వర్గ సంఖ్యే అవుతుందని నిరూపించాలి. ఆ ఏడాది పరీక్ష రాసినవాళ్లలో పదకొండు మందే దీన్ని పూర్తిగా చేశారు. అదే ఐఎంఓలో పదమూడేళ్ల వయసులో బంగారు పతకం గెలిచిన టెరెన్స్ టావోకి కూడా ఈ లెక్కలో వచ్చింది ఒక్క మార్కే. ఈ సంగతి పిల్లలకి ముందే చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది.

మొదటి ఆదివారం మాకు దొరికినవి: 8, 2 తీసుకుంటే 68ని 17తో భాగించాలి, 4 వస్తుంది. 27, 3 తీసుకుంటే 738ని 82తో భాగించాలి, 9. 64, 4 తీసుకుంటే 16. పెద్దది ఎప్పుడూ చిన్నదాని ఘనమే అన్నారు. కాగితం మీద రాసి అంటించాం.

రెండో ఆదివారం ఒకడు 30, 8 తెచ్చాడు. 964ని 241తో భాగిస్తే 4. ఎనిమిది ఘనం 512 కదా, 30 ఎక్కడి నుంచి వచ్చింది? ఎలా దొరికిందిరా అని అడిగితే, 8నీ, భాగఫలం 4నీ కదలకుండా పెట్టి, 8కి జోడీ ఎవరవుతారో వర్గ సమీకరణం రాసి చూశానన్నాడు. వర్గ సమీకరణానికి రెండు మూలాలు. ఒకటి మనకి తెలిసిన 2. రెండోది 30. మూలాల మొత్తం 32, అంటే 8కి నాలుగు రెట్లు.

మూడో ఆదివారం ఆ దారిలోనే ముందుకి వెళ్లాం. 30ని కదలకుండా పెడితే 8కి బదులు 112 వచ్చింది. అప్పుడు ఇంటర్ అమ్మాయి, "పైకి కాదు, కిందికి దిగుదాం" అంది. 112, 30, 8, 2, తర్వాత 0. సున్నా వచ్చిన జోడీలో మిగిలిన సంఖ్య 2. దాని వర్గం 4. అదే మన భాగఫలం. ఎక్కడ మొదలుపెట్టినా ఇలా దిగుతూ సున్నాకి చేరి తీరాలని, మధ్యలో రుణ సంఖ్యలోకి జారిపోదని నిరూపించడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అయినా ఆ ఐదు వారాల్లో ఏ ఆదివారమూ ఖాళీగా పోలేదు, ఎందుకంటే ప్రతివారం దొరికిన ముక్క గోడ మీద తేదీతో ఉంది, పక్కన దొరికించుకున్నవాళ్ల పేరు ఉంది. పేరు రాయడం మరిచిపోకండి. ఎవరి ఆలోచన వాళ్లదని గుంపు ఒప్పుకుంటేనే పిల్లలు సగం ఆలోచనని కూడా ధైర్యంగా బయటికి చెబుతారు.

ఇంటికి వెళ్లి రాయాలి

చర్చలో లెక్క అర్థమైతే పని సగమే అయినట్టు. సోమవారం ప్రతి ఒక్కరూ బల్ల ఫోటో చూడకుండా, పూర్తి నిరూపణను ఒంటరిగా రాయాలి. బుధవారం కాగితాలు మార్చుకుంటారు. ఐఎంఓలో లాగే 7 మార్కులకి ఒకరిది ఒకరు దిద్దుతారు. మార్కు తీసేస్తే ఏ లైను దగ్గర, ఎందుకు తీశారో పక్కన రాయాలి. కారణం రాయకుండా తీసిన మార్కు చెల్లదు. దిద్దేటప్పుడే చాలామందికి తమ రాతలో ఏం లోపిస్తుందో తెలుస్తుంది.

మాట్లాడని పిల్లల గురించి ఒక మాట. బల్ల దగ్గరికి రావడానికి సిగ్గుపడే పిల్లవాణ్ని రమ్మని బలవంతపెట్టకండి. అతనికి దిద్దే పని ముందు ఇవ్వండి. మా దగ్గర ఆరు నెలలు నోరు విప్పని కుర్రాడు ఒకరి కాగితంలో ఒక సందర్భం మర్చిపోయారని పట్టుకున్నాడు. మరుసటి ఆదివారం వాడే లేచి వచ్చి సుద్దముక్క అడిగాడు.

మొదటి ఆదివారానికి లెక్క కావాలంటే ఇది తీసుకోండి. 1 నుంచి 200 దాకా ఉన్న సంఖ్యల్లోంచి ఏ 101 సంఖ్యలు ఎంచుకున్నా, వాటిలో ఒకటి ఇంకొకదాన్ని శేషం లేకుండా భాగించి తీరుతుంది. ఎందుకు? నిరూపణ ఇక్కడ రాయను. చిన్న హింట్ మాత్రం ఇస్తాను: ముందు 1 నుంచి 10 దాకా తీసుకుని ఆరు సంఖ్యలు ఎంచుకోండి, ఏదీ దేన్నీ భాగించకుండా ఉండేలా ప్రయత్నించండి. ఐదింటికి కుదురుతుంది. ఆరోది పెట్టబోయినప్పుడు ఏ సంఖ్య దేన్ని పట్టుకుంటోందో నోట్‌బుక్‌లో రాసుకుని రండి.